ఆ ‘నేను’ ఎవరు? సాహిత్య జర్నలిజం మీద పరిశోధన పేపరు రాసేవాళ్లకు

పదకొండేళ్లు జిల్లా డెస్క్‌లో కంట్రిబ్యూటర్ల ఐటెంలు దిద్ది, నలభై దాటాక పీహెచ్‌డీలో చేరాను. జర్నల్‌కు పంపిన నా మొదటి పేపరు రెండు వారాల్లో తిరిగొచ్చింది. అభిమాని రాసిన ఉత్తరంలా ఉందన్నారు. చదువుకుంటే నాకూ అలాగే అనిపించింది.

ముందు ఒక మాట. మన దగ్గర సాహిత్య జర్నలిజం అనగానే సోమవారం సాహిత్యం పేజీ అనుకుంటారు. అది కాదు. జరిగినదాన్ని, కల్పించకుండా, కథ చెప్పినట్టు చెప్పే రిపోర్టింగ్ ఇది. లాటిన్ అమెరికాలో క్రోనికా అంటారు, యూరప్‌లో రిపోర్టాజ్ అంటారు.

పేపరుకు ఒక్క రచన చాలు. నేను తీసుకున్నది ఇది. 1955 ఫిబ్రవరి 28న కొలంబియా యుద్ధనౌక ‘కాల్దాస్’ మీంచి ఎనిమిది మంది సముద్రంలో పడిపోయారు. పది రోజులు తెప్ప మీద తేలి బతికి బయటపడింది లూయిస్ అలెహాంద్రో వెలాస్కో ఒక్కడే. ‘ఎల్ ఎస్పెక్తదోర్’ పత్రిక రిపోర్టర్ గాబ్రియల్ గార్సియా మార్క్వెజ్ అతన్ని రోజుకు ఆరు గంటల చొప్పున ఇరవై రోజులు కూర్చోబెట్టి అడిగాడు. పత్రికలో 14 భాగాలుగా వచ్చింది, ‘నేను’ అంటూ, నావికుడి పేరుతోనే. మార్క్వెజ్ పేరు పడింది 1970లో పుస్తకంగా వచ్చినప్పుడు.

‘మార్క్వెజ్ శైలీ వైభవం’ అని పేరు పెట్టారో, అక్కడే పోయింది. నేనూ అదే పెట్టాను. ప్రశ్న కావాలి, అదీ ఒక్కటే. నావికుడి పేరుతో రావడం వల్ల సాక్ష్యానికి బలం పెరిగిందా?

ఇక నోట్‌బుక్‌లో మూడు గళ్లు గీయండి. ఏం చెప్పారు, ఎలా తెలిసింది, వేరే ఆధారం ఏముంది. తుఫాను వల్లే ప్రమాదం అని ప్రభుత్వం అంది. తుఫాను లేదు, డెక్ మీద కట్టిన, దొంగచాటుగా తెస్తున్న సరుకు, ఫ్రిజ్‌లూ టీవీలూ వాషింగ్ మెషీన్లూ, కదలడం వల్లే పడ్డామని వెలాస్కో చెప్పాడు. మూడో గడిలో ఏం రాయాలి? తోటి నావికులు నౌక మీద దిగిన ఫొటోలు. వెనక పెట్టెలు, వాటి మీద కంపెనీ లేబుళ్లు. పత్రిక వాటిని సంపాదించి అనుబంధంలో వేసింది. మరి ఆకలికి సముద్రపక్షిని పట్టుకున్న ఘట్టానికి? తెప్ప మీద ఇంకో మనిషి లేడు. మూడో గడి ఖాళీ. మీ పేపరు ఆ ఖాళీ గడిలోంచే మొదలవుతుంది.

నేను చేసిన ఇంకో తప్పు, ఇంగ్లీషు అనువాదం చదివి మాటల ఎంపిక మీద రెండు పేజీలు వాదించడం. స్పానిష్ రాకపోతే మాటల జోలికి పోకండి. కథనం వరస, ఏ భాగం ఎక్కడ ఆపారు, ఎవరు మాట్లాడుతున్నారు, ఇవి పట్టుకోండి. వీలైతే పుస్తకంతో ఆగకుండా పాత పత్రిక పేజీలు కూడా సంపాదించండి.

ఎక్కడికి పంపాలి? 2006లో ఫ్రాన్స్‌లోని నాన్సీలో ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఫర్ లిటరరీ జర్నలిజం స్టడీస్ మొదలైంది. 2009 నుంచి వాళ్ల జర్నల్ ‘లిటరరీ జర్నలిజం స్టడీస్’ వస్తోంది. పాత సంచికలు నెట్‌లో ఉచితం. పంపేముందు కనీసం రెండు చదవండి, ముఖ్యంగా వ్యాసాల కింద ఆధారాలు చెప్పే నోట్స్. మూడు రోజుల్లో వేస్తాం, ఫీజు కట్టండి అని మెయిల్ వస్తే మాత్రం డిలీట్ చేయండి. నేను ఎనిమిది వేలు కట్టాను. ఆ వెబ్‌సైటు ఇప్పుడు తెరుచుకోదు.

పేపరు చదివి వేయొచ్చో లేదో చెప్పే రివ్యూయర్‌కు మన పేరు తెలియకూడదు కాబట్టి మొదటి పేజీలో తీసేస్తాం. వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో మాత్రం అది అలాగే కూర్చుని ఉంటుంది. అక్కడా తీసేయండి. ‘నా గత వ్యాసంలో చెప్పినట్టు’ లాంటి వాక్యాలూ తీసేయండి. ఒకేసారి రెండు జర్నల్స్‌కు పంపకండి.

మార్పులు అడిగితే టెన్షన్ పడొద్దు, అది తిరస్కారం కాదు. ప్రతి వ్యాఖ్య కిందా మీరేం మార్చారో, మార్చకపోతే ఎందుకో రాసి పంపండి. నా జవాబు పదకొండు పేజీలైంది.