రేసుల నుంచి తెచ్చిన గుర్రంతో వచ్చే తిప్పలు: ఏది ఎందుకు, ఏం చేయాలి

మా దెగ్లూరు (మహారాష్ట్ర, నాందేడ్ జిల్లా) వైపు గుర్రం కావాలంటే మాళేగావ్ ఖండోబా జాతరకే పోతారు. ఆ జాతర గుర్రం చిన్నప్పటి నుంచీ మన ఎండకి, జొన్న చొప్పకి, డప్పుల మోతకి అలవాటు పడి ఉంటుంది. పుణెలోనో మలక్‌పేటలోనో రేసులు మానేసిన మూడు నాలుగేళ్ల థరోబ్రెడ్ (రేసుల జాతి గుర్రం) అలా కాదు. దాన్ని తెచ్చి ఈవెంటింగ్ (డ్రెస్సాజ్ అంటే చెప్పినట్టు పద్ధతిగా నడవడం, క్రాస్ కంట్రీ అంటే ఆరుబయట దుంగలు, నీళ్లు దాటడం, షో జంపింగ్ అంటే మైదానంలో కర్రలు దూకడం, మూడూ ఒకే గుర్రం చేయాలి) నేర్పుదామనుకునేవాళ్లకి ఎదురయ్యే చిక్కులు ఇవి. సగం నేను తప్పు చేసి నేర్చుకున్నవే.

లారీ ఎక్కనంటోంది

మొండితనం కాదు. అడుగు వేస్తే పలక డొల్లగా మోగుతుంది, లోపల చీకటి, ఎక్కే చెక్క నిటారుగా ఉంటుంది. లారీని చేను గట్టుకి ఆనించి నిలబెడితే వాలు సగం తగ్గుతుంది. కింద వరి పొట్టు మందంగా పరిచి, వారం ముందు నుంచీ దాణా అందులోనే పెట్టండి. కర్ర తీశారంటే ఆ రోజుకి పని అయిపోయినట్టే.

కాగితాలు కూడా ముందే చూసుకోండి. 1978 జంతు రవాణా నిబంధనల ప్రకారం డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి, గ్లాండర్స్ (గుర్రాల అంటురోగం) నెగటివ్ రిపోర్టు, గుర్రం పాస్‌పోర్టు (దాని గుర్తింపు పుస్తకం) కూడా చేతిలో ఉంటే రాష్ట్ర సరిహద్దులో టెన్షన్ ఉండదు.

దిగిన మర్నాడో మూడో నాడో జ్వరం, దగ్గు, మేత ముట్టదు

దీనికి మాత్రం ఒక్క పూట కూడా ఆగొద్దు. నా మొదటి గుర్రం పుణె నుంచి లాతూరు, ఉద్‌గీర్ మీదుగా రాత్రంతా వచ్చింది, కరుస్తుందని లారీ అతను తల పైకెత్తి తాడు పొట్టిగా కట్టేశాడు, నేనూ పోనీలే అనుకున్నాను. గుర్రం తల దించితేనే ముక్కులోంచి, గొంతులోంచి దుమ్ము, చీమిడి బయటికి పోతాయి, గంటల తరబడి తల పైనే ఉంటే అదంతా ఊపిరితిత్తుల్లోకి దిగి నిమ్ము చేస్తుంది. దీన్నే షిప్పింగ్ ఫీవర్ అంటారు. తల ఛాతీ కిందికి దిగేంత తాడు వదలండి. నాలుగు గంటలకోసారి బండి ఆపి, ఓ అరగంట తల దించుకోనిచ్చి, నీళ్లు చూపించండి. గడ్డి తడిపి పెడితే దుమ్ము లేవదు. దిగాక మూడు రోజులు పొద్దునా సాయంత్రం థర్మామీటర్ పెట్టండి, 101.5 దాటితే వెంటనే డాక్టరు, సవారీ బంద్.

కొన్ని వారాల తర్వాత జ్వరం వస్తూ పోతూ ఉండి కాళ్లు వాస్తే అది వేరే సంగతి. జోరీగలతో వచ్చే సర్రా అనే జబ్బు కావచ్చు, రక్తపరీక్ష చేయించండి.

నీళ్లు తాగదు, కాలితో నేల గీరుతోంది, డొక్క వైపు చూసుకుంటోంది

కడుపునొప్పి. కొత్త ఊరి నీళ్ల రుచి నచ్చక తాగకపోతే పేగులో మేత గట్టిపడుతుంది. బయల్దేరే ముందు వారం రోజులు నీళ్లలో కాస్త బెల్లం అలవాటు చేసి, ఇక్కడా అదే కలపండి. మేత ఒక్కసారిగా మార్చొద్దు, పది రోజులు పాతదీ కొత్తదీ కలిపి పెట్టండి. 450 కిలోల గుర్రానికి రోజుకి కనీసం 7 కిలోల ఎండుమేత పడాలి. పక్క చేలో ఉచితంగా వస్తోందని పచ్చి లేత జొన్న మాత్రం వేయకండి, అది విషం.

జీను పట్టీ బిగిస్తుంటే కొరకబోతోంది

తిక్క అనుకుంటారు. చాలావరకు కడుపులో పుండ్లు. రేసు లాయంలో దాణా ఎక్కువ, గడ్డి తక్కువ, కానీ గుర్రం కడుపులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది. ఎప్పుడూ మేత అందుబాటులో ఉంచండి, సవారీకి ముందు గుప్పెడు లూసర్న్ గడ్డి వేయండి, ఒమెప్రజోల్ (ఆమ్లం తగ్గించే మందు) మోతాదు డాక్టరే చెప్పాలి.

లగాము లాగితే ఇంకా ఉరుకుతోంది

అందరూ భయపడేది ఇక్కడే. రేసుల్లో జాకీ లగాము బిగించి పట్టుకుంటే గుర్రం దాని మీద బరువు ఆనించి పరుగు పెంచుతుంది. మీరు ఆగమంటున్నారు, దానికి పొమ్మన్నట్టు వినిపిస్తోంది. గట్టి కళ్లెం కొనుక్కొచ్చి ఇంకా లాగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లాగి వెంటనే వదలండి, మళ్లీ లాగి వదలండి, 20 మీటర్ల గుండ్రంలో రెండు వైపులా తిప్పండి. వేగం దానంతటదే చస్తుంది. జాకీ రికాబులు పొట్టిగా పెట్టుకుంటాడు కాబట్టి పొట్టకి కాలు తగలడం కూడా దానికి కొత్తే. మొదటి వారం సైసు (గుర్రాన్ని చూసుకునే మనిషి) పట్టుకుని నడిపిస్తుండగా పిక్కలు మెల్లగా ఆనించి కూర్చోండి. ఎక్కేటప్పుడు నిలబడకపోతే తిట్టొద్దు, నడుస్తుండగానే జాకీని ఎక్కించే అలవాటు దానిది.

సెలవు మర్నాడు నడుం బిగుసుకుపోయి, మూత్రం కాఫీ రంగులో

పని లేని రోజు కూడా పూర్తి దాణా పెట్టారన్నమాట. నడిపించకుండా అక్కడే నిలబెట్టి డాక్టర్ని పిలవండి, ఇకపై సెలవు రోజు దాణా సగానికి తగ్గించండి.

దుంగ చూడగానే ఆగిపోతోంది

రేసు ట్రాక్‌లో అడ్డంకే ఉండదు, పాపం దానికేం తెలుసు! ముందు రెండు మూడు నెలలు మేతలో వదిలి ఒళ్లు వదులు కానివ్వండి, తర్వాత నేల మీద కర్రలు దాటించి, మోకాలెత్తు దుంగ, ఊరి వాగులో పాదం తడిసేంత నీళ్లు, ముందు ఓ అలవాటైన గుర్రం. దిగగానే ముందుకాళ్ల వెనక నరం (టెండన్) చేత్తో తడిమి చూడండి, వేడిగా తగిలితే 20 నిమిషాలు చన్నీళ్లు కొట్టి, స్కాన్ అయ్యేదాకా దూకించొద్దు.