ఫైట్లు దద్దరిల్లుతాయి, మాటలే వినపడవు: నేనేం చేశానంటే

మియాపూర్‌లో మా ఫ్లాట్ హాల్లో 5.1 సెట్ (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫర్) పెట్టాక ఫైట్లకి కిటికీలు అదిరేవి, ఎవరైనా మెల్లగా మాట్లాడితే మాత్రం రిమోట్ వెతుక్కోవాల్సిందే. ఇలాంటి సెట్లో డైలాగులు దాదాపు అన్నీ సెంటర్ స్పీకర్ నుంచే వస్తాయి, మాదేమో టీవీ యూనిట్ అరలో బాగా లోపలికి, మోకాళ్ల ఎత్తులో ఉంది. దాన్ని అర అంచుదాకా లాగి, ముందువైపు కింద రబ్బరు ముక్కలు పెట్టి చెవుల వైపు కాస్త పైకి లేపితే సగం సమస్య అక్కడే పోయింది. స్పీకర్లన్నిటినీ నడిపే రిసీవర్‌లో సెంటర్ లెవెల్ 3 డెసిబెల్స్ పెంచి, క్రాసోవర్ (ఎంత ఫ్రీక్వెన్సీ కింది శబ్దాలు సబ్‌వూఫర్‌కి పోవాలో చెప్పే సెట్టింగ్) 80 హెర్ట్జ్‌కి పెడితే బరువైన బేస్ సబ్‌వూఫర్‌కి పోయి మగ గొంతుల్లో గుమ్మనే మోత తగ్గింది. శబ్దం నేలకి తగిలి తిరిగి రాకుండా మార్బుల్ ఫ్లోర్ మీద మందపాటి తివాచీ కూడా పరిచాం. రాత్రిపూట నైట్ మోడ్ వేస్తా, పెద్ద చప్పుళ్లు అణిగి చిన్న మాటలు పైకొస్తాయి, కాకపోతే ఫైట్లలో మజా ఉండదు.