పోర్టికోకి సోలార్ ప్యానెళ్లనే కప్పుగా వేయడం ఎలా? (కారకుండా)

రేకులేసి వాటి మీద మళ్లీ ప్యానెళ్లు ఎక్కించే బదులు ప్యానెళ్లే కప్పు అయితే రేకుల డబ్బులు మిగుల్తాయి కదా అని అడుగుతుంటారు, మిగుల్తాయి, కానీ నేను చూసిన వాటిల్లో సగం తొలి వానకే కారు మీద టపటపా కారాయి.

సామాను: 540 వాట్ల ప్యానెళ్లు 6. అడ్డంగా మూడు, వాటం వెంట రెండు వరసలు పేరిస్తే 11 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు, ఒక కారుకి చాలు. రెండు వైపులా గాజున్నవే కొనండి, సెల్స్ సందుల్లోంచి కాస్త వెలుతురు దిగుతుంది. పీఎం సూర్యఘర్ సబ్సిడీ కావాలంటే డీసీఆర్ (సెల్స్‌తో సహా ఇండియాలోనే తయారైన) ప్యానెళ్లేనా అని కొనకముందే అడగాలి.

ఫ్రేమ్: జీఐ పైపులతో, మీ వెల్డర్‌కి తెలిసిన పనే. కోస్తాలో అయితే కాళ్లు కాంక్రీట్‌లో లోతుగా దిగాలి, తుఫాను గాలి కింద నుంచి ఎత్తేస్తుంది. వాటం దక్షిణానికి 10 డిగ్రీలు, అంటే 15 అడుగులకి రెండున్నర అడుగుల పైనే తేడా. ఎలివేషన్ బాగోదని 3 డిగ్రీలు చాలంటారు, వినొద్దు, నీళ్లు కింది అంచున ఆగి మట్టి పేరుకుంటుంది.

ఇక జాయింట్లు. అందరూ చెడగొట్టేది ఇక్కడే. రెండు ప్యానెళ్ల మధ్య సందులో సిలికాన్ కొట్టేసి అయిపోయిందంటారు. ఎండాకాలం ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది, తెల్లారేసరికి చల్లబడుతుంది, ఆ అల్యూమినియం ఫ్రేమ్ రోజూ ఒకటి రెండు మిల్లీమీటర్లు సాగి ముడుచుకుంటుంటే గమ్ ఎన్నాళ్లు పట్టుకుంటుంది? అందుకే నీళ్లు దిగుతాయనే అనుకుని వాటికి దారి చూపించండి. ప్రతి నిలువు సందు కింద జీఐ షీట్ మడిచిన కాలువ, వాటం వెంట పైనుంచి కిందిదాకా ఒకే ముక్క. రెండు వరసల మధ్య అడ్డం సందు కిందా ఒకటి, దాని చివర్లు నిలువు కాలువల్లోకి, అంచు మీద కాదు లోపలికి పడాలి. ప్యానెల్‌ని పట్టి ఉంచే క్లాంప్ బోల్టు కోసం కాలువ అడుగున బెజ్జం పెట్టారో, అయిపోయింది. పైన సందుకి ఈపీడీఎం (ఎండావానకి తట్టుకునే రకం) రబ్బరు పెట్టండి, అయినా సిలికాన్ వాడతానంటే న్యూట్రల్‌ది, వెనిగర్ వాసనొచ్చేది లోహాన్ని తినేస్తుంది. ప్యానెల్ ఫ్రేమ్ అడుగున చిన్న బెజ్జాలుంటాయి, లీకేజీ అనుకుని వాటిని మూసేసే మహానుభావులున్నారు, అవి నీళ్లు పోవడానికే కంపెనీ పెట్టింది. వైర్లు కాలువలో పడుకోబెట్టొద్దు.

కింద జిప్సమ్ సీలింగ్ మాత్రం అంటించకండి, గాలాడక వేడెక్కి కరెంటు తగ్గుతుంది.

వైరింగ్, ఎర్తింగ్ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ పని, 6 ప్యానెళ్లు వరసగా కలిపితే 300 వోల్టుల దాకా డీసీ. అతన్ని పిలవకముందే గంటసేపు పైపుతో నీళ్లు కొట్టి, కింద పాత పేపర్లు పరిచి చూడండి. ఏ పేపరు తడిస్తే దాని పైనున్న కాలువే మళ్లీ విప్పాలి.