ప్రార్థనకు కూర్చుంటే భయమే ముందొస్తోందా?

సమస్య: వాన మొదలైతే గుండె దడ. మోకరించినా నోట మాట రాదు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. మా గృహ కూడికకు వచ్చే అక్క ఒకామె ఇల్లు అక్కడే. నీళ్లు తీశాక బైబిల్‌ని డాబా మీద ఆరబెట్టింది. పేజీలు ఉబ్బిపోయి అది ఇప్పటికీ సరిగ్గా మూసుకోదు. మబ్బు పట్టిందంటే చాలు, సామానంతా మంచం మీదికి ఎత్తేస్తుంది. "దేవుణ్ణి నమ్ముకున్నదాన్ని, ఇట్లా వణుకుతానేంటి తమ్ముడూ?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

కారణం: అపనమ్మకం కాదు. ఆ రాత్రి ఒంటికి గుర్తుండిపోయింది. నిద్ర చాలకపోతే అది ఇంకా పెరుగుతుంది.

పరిష్కారం: ముందు తిండి, నిద్ర. ప్రాణం తీసుకోమని దేవుణ్ణి అడిగి ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుంటే, దూత వచ్చి ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టి తినమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు, లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ మీద దేవుడు మెల్లని స్వరంతో మాట్లాడింది ఆ తరవాతే.

పెద్ద ప్రార్థన రాకపోతే వదిలేయండి. "ప్రభువా, భయంగా ఉంది, నిన్నే నమ్ముకున్నా" అనండి. 56వ కీర్తనలో దావీదు చేసిందీ ఇదే. అక్కకి ఆ కీర్తన పైకి చదవడం అలవాటు చేశాం, వాన చప్పుడు కంటే గట్టిగా. వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం డాక్టర్ని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. ప్రార్థన ఉంటే మాత్రలెందుకని ఎవరన్నా మానొద్దు.

సమస్య: "అసలు దేవుడున్నాడా?" అని గుంటూరులో ఇంజనీరింగ్ చదివే మా కుర్రాడు అడిగాడు. ఇంట్లో తిట్లు పడ్డాయి.

కారణం: ప్రశ్న కంటే, అడిగే చోటు లేకపోవడమే వాణ్ణి ఎక్కువ బాధపెట్టింది.

పరిష్కారం: యేసు తిరిగి లేచాడంటే, ఆయన గాయాలు ముట్టుకుంటేగాని నమ్మనన్న శిష్యుడు తోమా, ఎనిమిది రోజుల తరవాత కూడా శిష్యుల మధ్యే ఉన్నాడు. వాళ్లు గెంటేయలేదు, తనూ రావడం మానలేదు. ప్రభువు అక్కడికే వచ్చి చేతులు చూపించాడు. మన దేశానికి సువార్త తెచ్చాడని చెప్పుకునేది ఆ తోమా గురించే. బాబూ, ప్రశ్న నోటుబుక్‌లో రాసి పాస్టర్‌గారికి చూపించు, ఆదివారం మాత్రం మానకు. అమ్మానాన్నలూ, పిల్లల్ని గద్దించకండి.

సమస్య: ఉపవాసమున్నా బిడ్డ జబ్బు తగ్గలేదు. "నీకు విశ్వాసం చాలలేదు" అన్నారు.

కారణం: మనసు విరగ్గొట్టింది ఆ మాటే.

పరిష్కారం: నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యమని ఒక తండ్రి ఏడిస్తే, యేసు అంత విశ్వాసంతోనే అతని కొడుకును బాగుచేశాడు. బాగుపడని ఇళ్లూ ఉన్నాయి. వాళ్లకి 88వ కీర్తన ఉంది, అది చీకటితోనే ముగుస్తుంది. దాన్నే ప్రార్థనగా చదువుకోవచ్చు.

ఇలాంటి ఇంటికి వెళ్లేవాళ్లకి ఒక్క మనవి. బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గర అతని స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా నేలమీద కూర్చున్నారు. మీరూ కాసేపు అట్లా కూర్చోండి. వెళ్తూ క్యారేజీలో అన్నం పట్టుకెళ్లండి.