ఇంటి సర్వర్ నుంచి మెయిల్ – 3వ పాఠం: రిలేకి లాగిన్ అవడం

పోయిన పాఠంలో డెబియన్ సర్వర్‌లో పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని ఒక పరీక్ష మెయిల్ పంపాం. వెళ్లలేదు. లాగ్‌లో 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అని కనపడింది కదా? టెన్షన్ పడకండి, మీరు చేసిన తప్పేమీ లేదు. స్పామ్‌కి భయపడి చాలా ఇంటర్నెట్, క్లౌడ్ కంపెనీలు సర్వర్ నుంచి సర్వర్‌కి మెయిల్ బయటికి వెళ్లే 25వ పోర్టును మూసేస్తాయి. ఆఫీసు ఫైర్‌వాల్‌దీ అదే దారి. బతిమాలి తెరిపించుకున్నా ఇంటి ఐపీ నుంచి వచ్చే మెయిల్‌ను అవతలివాళ్లు నమ్మరు. ఆ ప్రయత్నం వద్దనే నా సలహా.

అందుకని మన మెయిల్‌ను పేరున్న ఇంకో సర్వర్ చేతికిస్తాం. అదే రిలే. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ చూపిస్తేనే తీసుకుంటుంది. దీనికి 587 పోర్టు వాడతాం. ఫైర్‌వాల్ దాన్ని వదులుతోందో లేదో ముందు ఎన్‌సీ కమాండ్‌తో చూసుకోండి.

ఇక్కడ జీమెయిల్ తీసుకుందాం. మామూలు పాస్‌వర్డ్ కుదరదు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ (ఇలాంటి ప్రోగ్రాముల కోసం గూగుల్ విడిగా ఇచ్చే పాస్‌వర్డ్) తీసుకోవాలి.

ఇప్పుడు పోస్ట్‌ఫిక్స్ సెట్టింగులుండే మెయిన్ డాట్ సీఎఫ్ ఫైలు తెరవండి. రిలేహోస్ట్ దగ్గర జీమెయిల్ ఎస్ఎంటీపీ (మెయిల్ పంపే) సర్వర్ పేరును చదరపు బ్రాకెట్లలో రాసి, బ్రాకెట్ బయట కోలన్, 587 పెట్టండి. బ్రాకెట్లు లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకి ఎమ్ఎక్స్ రికార్డు (ఆ డొమైన్‌కి మెయిల్ తీసుకునే సర్వర్ ఏదో చెప్పేది) వెతుకుతూ పోతుంది.

తర్వాత సాసల్ (లాగిన్ అయ్యే పద్ధతి) ఆథ్ ఎనేబుల్ సెట్టింగుకి 'యెస్' ఇవ్వండి. ఇక్కడ ఆగి ఒకసారి చూసుకోండి: సెట్టింగు పేరు 'ఎస్ఎంటీపీ'తో మొదలవ్వాలి, 'ఎస్ఎంటీపీడీ'తో కాదు. చివర 'డీ' ఉన్నవి మెయిల్ తీసుకునే వైపువి, లేనివి పంపే వైపువి. ఆ ఒక్క అక్షరం వెతకడానికి నాకు ఒక సాయంత్రమంతా పట్టింది.

సాసల్ సెక్యూరిటీ ఆప్షన్స్‌లో 'నో అనానిమస్' ఒక్కటే ఉంచండి. మామూలుగా దాని పక్కన 'నో ప్లెయిన్‌టెక్స్ట్' కూడా ఉంటుంది, అది ఉంటే మన పాస్‌వర్డ్ పంపనివ్వదు. దాన్ని తీసేస్తున్నాం కాబట్టి టీఎల్ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా కనెక్షన్‌ను దాచేది) లెవెల్ తప్పకుండా 'ఎన్‌క్రిప్ట్' అయి ఉండాలి. ఈ రెండూ జంటగానే మార్చండి.

ఇప్పుడు పాస్‌వర్డ్ కోసం వేరే ఫైలు చేయండి. అందులో ఒక్కటే లైను. ఎడమవైపు రిలేహోస్ట్‌లో రాసింది బ్రాకెట్లతో, పోర్టుతో సహా ఉన్నదున్నట్టు రావాలి. చుక్క తేడా ఉన్నా పోస్ట్‌ఫిక్స్‌కి పాస్‌వర్డ్ దొరకదు. కుడివైపు మెయిల్ ఐడీ, కోలన్, యాప్ పాస్‌వర్డ్. ఫైలుకి 600 పర్మిషన్ (ఓనర్ తప్ప ఎవరూ చదవలేనిది) ఇచ్చాక పోస్ట్‌మ్యాప్ నడపండి, అది ఈ ఫైలును పోస్ట్‌ఫిక్స్ వెతుక్కునే రూపంలోకి మారుస్తుంది. పాస్‌వర్డ్ మార్చిన ప్రతిసారీ మళ్లీ నడపాలి. పాస్‌వర్డ్ మ్యాప్స్ సెట్టింగులో ఈ ఫైలు దారి ఇచ్చి, పోస్ట్‌ఫిక్స్‌ను రీలోడ్ చేయండి.

లాగ్‌లో 535 వస్తే యూజర్‌నేమో పాస్‌వర్డో తప్పు. 'నో మెకానిజం అవైలబుల్' అని వస్తే సాసల్ మాడ్యూల్స్ ప్యాకేజీ ఉందో లేదో, సెక్యూరిటీ ఆప్షన్స్ సరిగ్గా మార్చారో లేదో చూడండి.

పోయిన పాఠంలో ఇరుక్కున్న మెయిల్‌కి 5 రోజులు దాటకపోతే అది ఇంకా క్యూలోనే ఉంటుంది. పోస్ట్‌క్యూ కమాండ్‌కి 'ఎఫ్' ఆప్షన్ ఇచ్చి దాన్ని కదిలించండి. లాగ్‌లో 'సెంట్', పక్కన 250 కనపడాలి. వచ్చిన మెయిల్ తెరిచి పంపినవారి అడ్రస్ చూడండి. సర్వర్ పేరు ఉండదు, మీ జీమెయిల్ ఐడీ ఉంటుంది. దాని సంగతి 4వ పాఠంలో.