గ్రీకు దేవతల కొత్త కథలను పాత పురాణంతో పోల్చి చదవడం ఎలా?

గ్రీకు దేవతలను నేటి అమెరికా వీధుల్లోకి దించిన నవలల్లో బాగా పేరు పొందినది అమెరికన్ రచయిత రిక్ రియోర్డన్ 2005లో మొదలుపెట్టిన పెర్సీ జాక్సన్ వరుస. దేవతలకూ మనుషులకూ పుట్టిన పిల్లల కథ ఇది, సముద్రదేవుడి కొడుకు పెర్సీ దీని కథానాయకుడు. దాని మొదటి భాగం 2010లో సినిమాగా, 2023 డిసెంబరు నుంచి వెబ్ సిరీస్‌గా వచ్చింది. ఒకే కథ మూడు రూపాల్లో ఉంది కనుక, పురాణంలో ఏది నిలిచిందో, ఏది మారిందో గమనించడం నేర్చుకోవడానికి ఇది అనువైన ఉదాహరణ.

1. ఒక్క పాత్రను ఎంచుకోండి

దేవతలందరినీ ఒకేసారి పోల్చబోతే పేర్ల జాబితా తప్ప ఏమీ మిగలదు. చూపుతో మనుషులను రాళ్లుగా మార్చే మెడూసాతో మొదలుపెట్టండి.

2. పాత కథ ఏ కవి చెప్పినదో చూడండి

ఈ మెట్టు దాటవేస్తే పోలిక మొత్తం తప్పుతుంది, ఎందుకంటే గ్రీకు పురాణానికి ఏకైక మూలగ్రంథమంటూ లేదు. క్రీ.పూ. 700 ప్రాంతపు హెసియడ్ కావ్యంలో మెడూసా గోర్గన్లు అనే ముగ్గురు రాక్షస అక్కచెల్లెళ్లలో ఒకతె. వారిలో మరణం ఉన్నది ఆమెకే. వసంతకాలపు పూలున్న పచ్చికబయలులో సముద్రదేవుడు పొసైడన్ ఆమెతో శయనించాడని అక్కడ ఉంటుంది గానీ, శాపం ఊసు లేదు. పొసైడన్ ఆమెను జ్ఞానదేవత అథీనా గుడిలో చెరిచాడనీ, అథీనా కోపగించి శిక్షను మాత్రం మెడూసాకే వేసి, ఆమె జుట్టును పాములుగా మార్చిందనీ చెప్పినవాడు ఏడు శతాబ్దాల తర్వాతి రోమన్ కవి ఓవిడ్. అతని కావ్యంలో అథీనా మినర్వాగా, పొసైడన్ నెప్ట్యూన్‌గా కనిపిస్తారు. పేర్లు చూసి తికమకపడవద్దు.

3. మారని స్వభావాన్ని, మారిన వేషాన్ని విడదీయండి

నవలలో మెడూసా న్యూజెర్సీ రోడ్డు పక్కన తోట బొమ్మలు అమ్ముతుంది. ముఖానికి ముసుగు వేసుకుని, ఆకలితో వచ్చిన పిల్లలకు బర్గర్లు పెట్టి, ఫొటో తీస్తానంటూ వారిని వరుసగా కూర్చోబెడుతుంది. దుకాణం నిండా ఉన్న రాతి బొమ్మలు ఒకప్పటి మనుషులే. చూపుతో మనిషిని రాయిగా మార్చే శక్తి అలాగే ఉంది. దానికి రచయిత ఒక జీవనోపాధిని మాత్రం జోడించాడు. ఆయుధాన్ని కూడా గమనించండి: పాత కథలో పెర్సియస్ అనే వీరుడు మెరిసే డాలులో ఆమె ప్రతిబింబాన్ని చూసి తల నరికితే, నవలలో పెర్సీ చేతికి గాజు గోళం వస్తుంది, సినిమాలో ఐపాడ్ వెనకవైపు మెరుపు పనికొస్తుంది. నేరుగా చూడకూడదన్న నియమాన్ని ముగ్గురూ పాటించారు.

4. నియమం తప్పినచోట సమర్థన వెతకండి

అథీనా కన్యాదేవత, అయినా నవలలో పెర్సీ స్నేహితురాలు అనబెత్ ఆమె కూతురు. ఇది పొరపాటు కాదు. అథీనా స్వయంగా దేవతల రాజు జియస్ తలలోంచి పుట్టింది కనుక ఆమె సంతానం కూడా ఆలోచన నుంచే పుడుతుందని రియోర్డన్ తర్వాతి పుస్తకాల్లో వివరించాడు. పురాణంలో వచ్చిన చిక్కుకు పురాణంలోనే జవాబు దొరికించుకోవడం నా దృష్టిలో ఈ వరుసలోకెల్లా మంచి పనితనం.

5. సినిమా దగ్గర ఇంకొంచెం అనుమానంగా ఉండండి

నవలలో పన్నెండేళ్ల పెర్సీని 2010 సినిమా హైస్కూలు విద్యార్థిని చేసింది. అగ్రదేవతలైన జియస్, పొసైడన్, హేడిస్‌ల సంతానానికి పదహారేళ్లు నిండినప్పుడు ఏదో జరగబోతుందన్న భవిష్యవాణి మీద నవలల వరుస నడుస్తుంది కాబట్టి, ఆ ఒక్క మార్పుతో కథకున్న గడువు కరిగిపోయింది. వెబ్ సిరీస్ మళ్లీ పన్నెండేళ్లకే వెళ్లింది.

పాతాళరాజు హేడిస్‌కు సినిమాలో ఇంకా అన్యాయం జరిగింది. హోమర్ కావ్యం ఇలియడ్ ప్రకారం ముగ్గురు అన్నదమ్ములు చీట్లు వేసుకోగా జియస్‌కు ఆకాశం, పొసైడన్‌కు సముద్రం, హేడిస్‌కు పాతాళం దక్కాయి. అతడు దుష్టుడేమీ కాడు. నవలలో జియస్ వజ్రాయుధంతో పాటు అతని శిరస్త్రాణం కూడా చోరీ అవుతుంది, అంటే అతడూ బాధితుడే. సినిమా మాత్రం అతణ్ణి జియస్ వజ్రాయుధం కోసం ఆశపడే ప్రతినాయకుణ్ణి చేసింది. తెలుగు పాఠకులకు ఇక్కడ మరో ప్రమాదం ఉంది: హేడిస్ అనగానే మనకు యముడు గుర్తొస్తాడు. కానీ గ్రీకు తత్వవేత్త ప్లేటో చెప్పిన కథలో పాపపుణ్యాల తీర్పు ఇచ్చేది మైనోస్, ఈయకస్, రాడమాంథస్ అనే ముగ్గురు. మృత్యువు థానటోస్ అనే వేరే దేవుడు. హేడిస్ పాతాళానికి రాజు మాత్రమే.

6. పిల్లలతో చదువుతుంటే

ఓవిడ్ కథనాన్ని పక్కన పెట్టి హెసియడ్‌తో ఆరంభించండి. మెడూసా ప్రస్తావన అక్కడ కొద్ది పంక్తుల్లోనే ముగుస్తుంది. ఆ తర్వాత డయొనైసస్‌ను తీసుకోండి: మద్యదేవుణ్ణి నవలలో పిల్లల శిబిరానికి నిర్వాహకుణ్ణి చేసి, మద్యం ముట్టవద్దని జియస్ శిక్ష వేశాడు. పై మెట్లన్నీ అతని మీద పిల్లల చేతనే ప్రయోగించి చూడవచ్చు.