రెండు కర్రలు, ఒక కమలాపండు, ఒక పంచాంగం

ఉప్పాడ అంటే చీరలు గుర్తుకు రావాలి. ఇప్పుడు కోసుకుపోయిన బీచ్ రోడ్డు గుర్తుకు వస్తోంది. తుఫాను వెళ్లిన మర్నాడు ఎవరిని కదిపినా ‘సముద్రం మింగేసింది’ అంటారు. ముప్పై ఏళ్లు భూగోళం పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ మాట వింటే నాకు చిరాకు. మింగితే కడుపులో ఉండాలి కదా! ఆ ఇసుక ఎక్కడో ఒకచోట ఉంది. ఎటు వెళ్లింది, తిరిగి వస్తుందా రాదా అన్నదే ప్రశ్న. దానికి జవాబు మీరే కొలిచి తెలుసుకోవచ్చు, పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు.

మీటరున్నర పొడవున్న రెండు కర్రలు తెచ్చుకోండి. రెండూ ఒకే ఎత్తు ఉండాలి, సెంటీమీటరు గీతలు పెయింటుతో వేయించాలి. అడుగున చిన్న చెక్క బిళ్ల కొట్టించండి, లేకపోతే తడి ఇసుకలో దిగబడి లెక్కంతా తప్పుతుంది. రెండు మీటర్ల తాడు, నోటుపుస్తకం, తొక్క తీయని కమలాపండు, తోడుగా ఒక మనిషి. ఇక పంచాంగం. దీన్ని చూసి నవ్వేవాళ్లుంటారు, మొదట్లో నేనూ నవ్వినవాణ్ణే.

అప్పట్లో నేను కర్రలు కూడా వాడేవాణ్ణి కాదు. గట్టు నుంచి నీటి అంచు వరకు టేపు పెట్టి కొలిచేవాణ్ణి, అంతే. ఒక ఉదయం ఎనిమిదింటికి కొలిచాను, వారం తర్వాత సరిగ్గా అదే వేళకు మళ్లీ కొలిచాను. పన్నెండు మీటర్లు తగ్గింది! పిల్లలను పోగేసి, తీరం కోతకు గురవుతోందని అక్కడే పాఠం మొదలుపెట్టాను. పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తకుండానే అన్నాడు: “మాస్టారూ, పోయినవారం అష్టమి, ఈరోజు పున్నమి.” గడియారం చూశానుగానీ తిథి చూడలేదు. పున్నమికి, అమావాస్యకు పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అష్టమి, నవముల్లో రెండింటికీ తేడా తక్కువ. పైగా పోటు రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. వాలు తక్కువగా ఉన్న ఒడ్డున నీటిమట్టం మీటరు మారితే నీటి అంచు పది పదిహేను మీటర్లు జరుగుతుంది. అందుకే నీటి అంచును నమ్మకండి, ఇసుక ఎత్తును కొలవండి. వెళ్లేది మాత్రం పున్నమి లేదా అమావాస్య నాడు, ఆటు బాగా దిగిన వేళకు. అప్పుడే ఒడ్డు ఎక్కువగా బయటపడుతుంది.

కొలత ఇలా. గట్టు మీద కదలని గుర్తు దగ్గర మీ కర్ర నిలబెట్టండి. తోడు వచ్చిన మనిషి తాడు బిగువుగా లాగి, సముద్రం వైపు రెండు మీటర్ల దూరంలో రెండో కర్ర నిలబెడతాడు. మీరు వంగి, ఆ కర్ర కొన, దూరాన ఆకాశం నీళ్లను కలిసే గీత రెండూ ఒకే వరుసలోకి వచ్చేలా చూడండి. మీ చూపు మీ కర్ర మీద పైనుంచి 14 సెంటీమీటర్ల దగ్గర దాటిందనుకోండి, ఆ రెండు మీటర్లలో నేల 14 సెంటీమీటర్లు దిగిందన్నమాట. మధ్యలో ఇసుక కట్ట వచ్చి నేల లేస్తే లెక్క తిరగేయాలి: మీ కర్ర కొనను ఆ గీతతో కలిపి, చూపు ఎదుటి కర్ర మీద కొన నుంచి ఎంత కిందికి తగిలిందో చదవాలి. అంకె రాసుకుని, ఎదుటి కర్ర ఉన్న చోటికి మీరు వెళ్లి, అతణ్ణి ఇంకో రెండు మీటర్లు పంపండి. మోకాలి లోతు నీళ్ల దగ్గర ఆపేయండి. ఇంటికొచ్చి గళ్ల కాగితం మీద వేస్తే ఒడ్డు పక్కవాటు బొమ్మ వచ్చేస్తుంది.

ఒక్క బొమ్మతో ఏమీ తేలదు. నెలకొకటి చొప్పున ఏడాది వేయండి. తుఫాను అలలు ఒడ్డు ఇసుకను లాగి, కాస్త లోపల నీళ్ల కింద తిన్నెగా పెడతాయి. సముద్రం నెమ్మదించాక చిన్న అలలు దాన్నే కొంచెం కొంచెంగా వెనక్కి తెస్తాయి. కార్తీకంలో గొయ్యిలా కనిపించిన ఒడ్డు శివరాత్రి దాటాక పూడితే కంగారుపడాల్సింది లేదు. ఏటేటా పూడిక తగ్గుతూ వస్తే అప్పుడు ఆలోచించాలి.

ఇక కమలాపండు. అది దాదాపు మునిగి తేలుతుంది కాబట్టి గాలికి అంతగా కొట్టుకుపోదు, నీరు ఎటు పోతే అటు పోతుంది. అలలు విరిగే చోటికి విసిరి, ఒడ్డు వెంట నడుస్తూ నిమిషంలో ఎన్ని మీటర్లు జరిగిందో చూడండి. మూడుసార్లు చేయండి. (నురుగు లేకుండా నల్లగా, నున్నగా కనిపించే పాయ ఉంటే దాని దగ్గరకు పోవద్దు. నీరు లోపలికి లాగేది అక్కడే.) అల ఒడ్డు మీదికి ఏటవాలుగా ఎక్కి, వాలు వెంట నేరుగా దిగుతుంది. ప్రతి అలకూ ఇసుక రేణువు ఒక అడుగు పక్కకు జరుగుతుంది. నైరుతి గాలుల కాలంలో మన ఒడ్డున ఆ నడక ఉత్తరానికి, ఈశాన్య గాలులు మొదలయ్యాక దక్షిణానికి. ఏడాది మొత్తం మీద ఉత్తరానిదే పైచేయి.

ఆ సంగతి కళ్లకు కట్టాలంటే ఫోనులో ఉపగ్రహ చిత్రం తీసి కాకినాడ చూడండి. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు ఉత్తరానికి తోసుకుంటూ పోయి, సుమారు రెండు వందల ఏళ్లలో పదహారు కిలోమీటర్ల పొడవున హోప్ ఐలాండ్ అనే తిన్నెను పేర్చాయి. కాకినాడ రేవుకు అలల దెబ్బ తగలకుండా కాస్తున్నది అదే. కానీ అక్కడ ఆగిన ఇసుక దానికి ఉత్తరాన ఉన్న ఉప్పాడకు చేరదు. పైగా నది మీద కట్టిన ఆనకట్టల వెనక మట్టి నిలిచిపోయి, వచ్చే సరుకే తగ్గింది. మద్రాసులోనూ ఇదే కథ: 1876లో రేవు కట్టడం మొదలుపెట్టాక, దక్షిణాన ఇసుక చేరి మెరీనా వెడల్పయింది, ఉత్తరాన రాయపురం కోసుకుపోయింది. ఒడ్డున ఏ అడ్డుగోడ కనిపించినా దాని రెండు వైపులా వేరువేరుగా కొలవండి. ఒడ్డు వెంట పోసిన బండరాళ్ల దగ్గరైతే అడుగు భాగం చూడండి. రాయికి కొట్టి వెనుదిరిగిన అల కింది ఇసుకనే తవ్వుతుంది.

పాత ఉపగ్రహ చిత్రాలను పోల్చేటప్పుడు కూడా నీటి అంచును వదిలేసి, మొక్కలు మొదలయ్యే గీతను చూడండి. ఏ చిత్రం ఏ పోటులో తీశారో మనకు తెలియదు.

నడిచేటప్పుడు నల్ల ఇసుక పొరలు కనిపిస్తే ఆగి, చేతిలోకి తీసుకోండి. బరువుగా ఉంటుంది, ఎండకు పట్టుకుంటే మధ్యలో ఎర్రటి రేణువులు మెరుస్తాయి. నల్లవి ఇల్మనైటు, ఎర్రవి గార్నెట్ అనే ఖనిజాలు. అలలు తేలికైన తెల్ల ఇసుకను ఎత్తుకుపోయి, మోయలేని వీటిని వదిలేస్తాయి. ఆ మరక తాజాగా ఉంటే కోత కూడా తాజాదే. సరుగుడు చెట్ల వేళ్లు గాలిలో వేలాడుతున్నా అంతే.

కదలని గుర్తు అన్నాను కదా, అది ఎంచుకోవడంలోనే జాగ్రత్త. నేను మొదట గుర్తుగా పెట్టుకున్నది ఒక కొబ్బరి చెట్టు. నాలుగో ఏడు వర్షాకాలానికి అది లేదు, దానితోపాటు నా పాత లెక్కలన్నీ ఆధారం లేకుండా పోయాయి. మీరు రెండు గుర్తులు పెట్టుకోండి. రెండోది రోడ్డుకు అవతల, ఊరి లోపలికి.